మిద్దెతోట సభ్యులకు వార్షిక నివేదిక: ఆకు విషం, పురుగు ఉపాయం

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది నుంచి ఉగాది వరకు మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. బెంగళూరులో మిద్దెల మీద, బాల్కనీల్లో మొక్కలు పెంచుకునే తెలుగు కుటుంబాలం మనం. విత్తనాల పంపిణీ, వానాకాలంలో నారు పంచుకోవడం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. మిగతా చోటంతా ఒకే విషయానికి ఇస్తున్నాను, ఎందుకంటే ఏడాదిలో మన సమావేశాలు ఎక్కువగా దాని చుట్టూనే తిరిగాయి. మొక్క తనను కాపాడుకోవడానికి తయారు చేసుకునే విషాన్ని, ఆ ఆకునే తినే పురుగు ఏం చేస్తుంది?

దీనికి మొదలు వినాయక చవితి. పూజకు వాడే ఇరవై ఒక్క పత్రులను పిల్లలకు చూపించే కార్యక్రమం పెట్టుకున్నాం. వాటిలో జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త మూడూ విషపు మొక్కలే కాబట్టి పెద్దవాళ్లే కోసి తెచ్చారు. జిల్లేడు ఆకు వెనక పసుపుపచ్చ పేనుబంక గుంపుగా పట్టి ఉంది. 'విషం కదా, ఇవి ఎందుకు చావలేదు?' అని ఒక పాప అడిగింది. కీటకశాస్త్రం చదివిన మన సభ్యురాలొకరు తర్వాతి సమావేశాల్లో ఆ ప్రశ్నను పట్టుకుని ఓపికగా వివరించారు. ఆవిడకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జిల్లేడు పాలలో, గన్నేరు ఆకులో ఉండే విషాలను కార్డినోలైడ్లు అంటారు. గుండె కణాల్లో, నరాల్లో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోసే ఒక పంపు ఉంటుంది. కార్డినోలైడ్ దానికి అతుక్కుని ఆపేస్తుంది. జిల్లేడు మీద మనకు కనిపించే నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకకు అమెరికాలో మోనార్క్ అనే దగ్గరి బంధువు ఉంది. ఆ మోనార్క్‌లో పంపే కొద్దిగా మారిపోయింది. ప్రోటీన్‌లో మూడు చోట్ల అమైనో ఆమ్లాలు మారేసరికి విషానికి పట్టు దొరకదు. 2019లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ మూడు మార్పులనే పండ్ల ఈగలో చేసి చూశారు, ఈగలు కూడా విషాన్ని తట్టుకున్నాయి. మోనార్క్ తట్టుకుని ఊరుకోదు, ఒంట్లో దాచుకుంటుంది కూడా. దాన్ని తిన్న బ్లూ జే పక్షి వాంతి చేసుకుంటుందని లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త 1960లలో చూపించాడు.

గన్నేరు తినే కామన్ క్రో సీతాకోకది ఇంకో దారి. దాని పంపు మారలేదు. తిన్న విషాన్ని పేగు దాటి ఒంట్లోకి రానివ్వకుండా బయటికి పంపేస్తుంది, దాచుకోదు. ఒకే రకం విషానికి దగ్గరి చుట్టాలైన రెండు సీతాకోకలు ఇంత వేరుగా బదులిస్తాయని విన్నప్పుడు సమావేశంలో పెద్దలు కూడా చాలాసేపు ప్రశ్నలు అడిగారు. గన్నేరు ఆకుల కింద వెండిలా మెరిసే గూళ్లు కనిపిస్తే తీసి పారేయకండి, అవి దీనివే.

చలికాలంలో రామనగర పట్టుగూళ్ల మార్కెట్ చూడటానికి వెళ్లాం. హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే కుటుంబం నుంచి వచ్చిన మన సభ్యుడొకరు దారంతా మేపు గురించి చెబుతూనే ఉన్నారు. పట్టుపురుగుకు పాలధార లాంటి మల్బరీ ఆకు మిగతా గొంగళిపురుగులకు గండం. మల్బరీ పాలలో చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఉంటాయి, తిన్న చక్కెర జీర్ణం కాకుండా అవి అడ్డుపడతాయి. ఆముదం ఆకు మీద పెరిగే ఎరి పట్టుపురుగుకు మల్బరీ పెడితే బతకదని, ఆకులోంచి పాలు తీసేస్తే ఆ విషం పోతుందని జపాన్ పరిశోధకులు 2006లో చూపించారు. మరి మన పట్టుపురుగుకు ఏమీ కాదెందుకు? సుక్రోజ్ అనే చక్కెరను విడగొట్టే దాని ఎంజైమ్‌లలో ఒకటి ఎప్పుడో బ్యాక్టీరియా నుంచి వచ్చిన జన్యువుతో తయారవుతుంది. ఆ ఆల్కలాయిడ్లు దాన్ని ఆపలేవు. మన ధర్మవరం చీర వెనక ఇంత కథ ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

మనలో మాటామాటా వచ్చింది మాత్రం కరివేపాకు దగ్గర. ఒక అపార్ట్‌మెంట్‌లో అందరూ కోసుకునే కరివేపాకు చెట్టుకు ఎవరికీ చెప్పకుండా పురుగుమందు కొట్టించారు. ఆకు కోసి అప్పటికే చారులో వేసుకున్న ఇళ్లలో టెన్షన్ మొదలైంది. కొట్టించినవాళ్ల బాధ కూడా నిజమే, గొంగళిపురుగులు రెమ్మలన్నీ ఖాళీ చేస్తున్నాయి. కరివేపాకు మీద వచ్చేవి ఎక్కువగా కామన్ మార్మన్, నిమ్మ మీద వచ్చేవి లైమ్ సీతాకోక పిల్లలు. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారతాయి, ముట్టుకుంటే తల దగ్గర చీలిన కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి.

నిమ్మజాతి చెట్లలో ఫ్యూరనోకౌమరిన్లు అనే విషాలు ఉంటాయి, ఎండలోని అతినీలలోహిత కాంతి తగిలితే అవి డీఎన్ఏకు అతుక్కుంటాయి. ఈ సీతాకోకల అమెరికా బంధువు బ్లాక్ స్వాలోటెయిల్ మీద మే బెరెన్‌బామ్ అనే కీటకశాస్త్రవేత్త ఏళ్ల తరబడి పనిచేశారు. గొంగళి పేగులో ఉండే పీ450 రకం ఎంజైమ్‌లు ఆ విషాన్ని వేగంగా విరగ్గొడతాయని తేలింది. మనం మింగే మాత్రలను కాలేయంలో విడగొట్టేవి కూడా ఆ కుటుంబపు ఎంజైమ్‌లే. నా దృష్టిలో మన తోటలకు ముఖ్యమైన సంగతి ఇదే. విషాన్ని విరగ్గొట్టే యంత్రాంగం ముందే ఉన్న పురుగుకు మన స్ప్రే ఇంకో రసాయనం మాత్రమే. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, గొంగళిలో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలు తరచుగా ఆ పురుగుకంటే ముందు పోతాయి.

క్యాబేజీ పెంచేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆవపిండి తడిస్తే వచ్చే ఘాటే క్యాబేజీ ఆకుకూ రక్షణ. ఆకు నలిగినప్పుడు అందులోని గ్లూకోసినోలేట్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ కలిసి ఆ ఘాటు పుడుతుంది. డైమండ్ బ్యాక్ మాత్ పురుగు గ్లూకోసినోలేట్‌లోంచి సల్ఫేట్‌ను ముందే ఊడబీకుతుంది, ఇక మైరోసినేజ్‌కు పని ఉండదు. ఈ పురుగు డీడీటీని తట్టుకుంటోందని 1953లోనే జావాలో గమనించారు, 1990లో హవాయి పొలాల్లో బ్యాక్టీరియాతో తయారయ్యే బీటీ మందుకూ లొంగలేదని తేలింది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి వేరు. క్యాబేజీ వరుసల మధ్య ఆవాలు వేస్తే తల్లిపురుగు గుడ్లు పెట్టడానికి అటు పోతుంది. మన మిద్దెల మీద కుండీల్లో కొందరు ఇలా వేసి చూస్తున్నారు, ఫలితాలు వచ్చే నివేదికలో రాస్తాం.

సర్వసభ్య సమావేశం ముందుకు కార్యవర్గం రెండు ప్రతిపాదనలు తెస్తోంది. ఒకటి, ఉమ్మడి స్థలంలో తినే ఆకుల మొక్కకు మందు కొట్టే ముందు నోటీసు బోర్డు మీద తేదీ, మందు పేరు రాయాలి. రెండోది, కరివేపాకులో ఒక కుండీని గొంగళిపురుగుల కోసం విడిగా ఉంచి, మిగతా మొక్కల మీద కనిపించినవాటిని చేత్తో ఏరి అందులోకి మార్చాలి. ఆ కుండీలు, మట్టి సంఘం ఇస్తుంది. కావలసినవాళ్లు కోశాధికారి గారి దగ్గర పేరు రాయించుకోండి. జిల్లేడు, గన్నేరు పాలు కంట్లో పడకుండా పిల్లల విషయంలో జాగ్రత్త.

ఇట్లు,
కార్యదర్శి