చీర దిగింది, చేయి వేసిన వాళ్ళందరికీ దండాలు

మొన్న ఆదివారం పొద్దున మగ్గం మీంచి నా చీర దిగింది. గ్రాఫు నేను గీసిందే. రంగులు నేను ఎంచినవే. చిటికి కట్టిందీ, అంటే రంగు తగలకూడని చోట నూలుకు పట్టీలు బిగించిందీ నేనే. నేసింది మాత్రం మా పెద్దనాయన. చీర కోసి మడత నా చేతిలో పెట్టగానే నా రెండు చేతులూ వాటంతట అవే గాల్లో ఆడాయి, పిట్ట రెక్కలు కొట్టుకున్నట్టు. చిన్నప్పుడు బడిలో ఈ చేతుల మీదే స్కేలు దెబ్బలు పడ్డాయి. మొన్న మా పెద్దమ్మ చూసి, పక్కింటామెతో "మా బిడ్డకు సంతోషమైంది" అని చెప్పింది. చేతులు దించమని ఎవరూ అనలేదు. అప్పుడే అనుకున్నాను, వీళ్ళందరికీ నలుగురి ముందు కృతజ్ఞతలు చెప్పుకోవాలని. నోటితో చెప్పడం నాకు సాగదు. రాయడం సాగుతుంది.

నాకు 32 ఏళ్ళు. నేను ఆటిస్టిక్, అంటే చప్పుళ్ళనూ మనుషులనూ గ్రహించే తీరు పుట్టుకతోనే వేరుగా ఉన్న మనిషిని. ఆ సంగతి నాకు తెలిసింది మూడేళ్ళ కిందటే. మాది పోచంపల్లి దగ్గర పల్లె, చేనేత ఇల్లు.

అంతకు ముందు కథ ఎక్కువ చెప్పను. బడిలో "పొగరు" అన్నారు, కళ్ళలోకి చూడనని. చుట్టాలు "మొండి" అన్నారు, పెళ్ళి పందిట్లో నిలబడలేక పారిపోతానని. మార్కులకు మాత్రం లోటు లేదు, ఇంజనీరింగ్ అయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఎనిమిది నెలలు చేశాను. పని కష్టంగా ఉండేది కాదు. నెత్తి మీద ట్యూబులైట్ల గుయ్యిమనే మోత, ఒకేసారి నలుగురి మాటలు, చెప్పాపెట్టకుండా మారిపోయే మీటింగులు, అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వాలని కాచుకుని కూర్చోవడం... సాయంత్రానికి నాలో ఏమీ మిగిలేది కాదు. ఒకరోజు రూముకు వచ్చాక నోట మాట రాలేదు. మూడు రోజులు రాలేదు. నాయన వచ్చి ఇంటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఏడాదిన్నర వెనక గదిలోనే ఉన్నాను.

మొదటి దండం మా వదినెకు. పెద్దనాయన కోడలు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతుంది. ఒకరోజు నా గది తలుపు బయటే నిలబడి, "ఒక కాయితం రాసి గడప మీద పెడుతున్న. నీకు బుద్ధయినప్పుడు చదువు, చదవకున్నా ఏం కాదు" అని వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత చదివాను. పదకొండు వాక్యాలున్నాయి. మొదటిది నాకు నోటికొచ్చు: "మిక్సీ వేస్తే చెవులు మూసుకుని ఏడ్చేదానివట, మగ్గం చప్పుడుకు నిద్రపోయేదానివట." నూలు చుట్టిన కండెల డబ్బాలో రంగులను లేతనుంచి ముదురుకు నేనే సర్దేదాన్నని ఇంకో వాక్యం. అందులో ఒక్కటీ నేరం మోపినట్టు లేదు. నన్ను అంత శ్రద్ధగా ఎవరో చూశారని తెలియడమే నాకు కొత్త. చివర్లో, "ఇది ఆటిజం కావచ్చు, నీకు ఇష్టమైతే ఇద్దరం పోయి అడుగుదాం" అని రాసింది.

ఇద్దరం పోయాం. సికింద్రాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర రెండు రోజులు పట్టింది. అమ్మను నా పసితనం గురించి గంటల తరబడి అడిగారు. మన దేశంలో ఆటిజం కొలవడానికి వాడే 40 ప్రశ్నల పట్టిక ఒకటుంది, దాన్ని తయారు చేసింది కూడా సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే. ఆ సంగతి విన్నప్పుడు నాకెందుకో ధైర్యం వచ్చింది. ఇదేదో దూరదేశపు జబ్బు పేరు కాదు, మన ఊళ్ళ పిల్లలను చూసి రాసుకున్న ప్రశ్నలున్నాయి అనిపించింది.

రిపోర్టు వచ్చిన రాత్రి అమ్మ అన్నం తినలేదు. "నేనేం తప్పు చేసిన్నో" అని ఒకటే మాట. వదినె ఆమె పక్కన కూర్చుని చెప్పింది. ఒకప్పుడు అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లే తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇట్లా అవుతారని అన్నారట. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయన కొడుకూ ఆటిస్టిక్కే, 1964లో ఆ మాట తప్పని ఆధారాలతో రాశాడట. "అత్తమ్మా, ఆ నింద ఎప్పుడో కొట్టేసిన్రు, నువ్వు మల్ల మీదేసుకోకు" అంది. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి ఇద్దరికీ అన్నం పెట్టి, తనూ తిన్నది. వదినె, ఆ రాత్రికి ప్రత్యేకంగా నీకు దండం.

రెండో దండం పెద్దనాయనకు. ఆయనకు ఆటిజం అంటే ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నన్ను తెలుసు.

గది బయటికి రావడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు ఆయన పేక నూలు (అడ్డంగా నేసే నూలు) పరిచి గుర్తులు పెడుతున్నాడు. ఇక్కత్ తెలియని వాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మా పనిలో బట్ట నేశాక అద్దకం ఉండదు. నేయకముందే నూలుకు రంగు పడుతుంది. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి, ఆ గళ్ళ లెక్కన నూలు మీద గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి కడతాం, పాత సైకిల్ ట్యూబులు కోసిన పట్టీలే. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్ళీ కట్టి, ఇంకో రంగు. ఒక్క గడి తప్పితే బొమ్మ మగ్గం మీదికి ఎక్కాక గానీ తెలియదు, అప్పుడు తెలిసినా చేసేదేం లేదు.

నేను మంచినీళ్ళకు పోతూ ఆ గుర్తులు చూశాను. నిలబడ్డాను. "మూడో చిలక మెడ తప్పింది" అన్నాను. ఆ నెలలో నేను నోరు విప్పింది అదే మొదలు. పెద్దనాయన అద్దాలు సవరించుకుని గ్రాఫు తీసి, వేలు పెట్టి ఒక్కో గడీ లెక్కబెట్టాడు. రెండుసార్లు లెక్కబెట్టాడు. నిజంగానే ఒక గడి ఎగిరిపోయింది. "రంగులో ముంచినంక ఎరుకైతే వారం పని పోయేది" అని నూలు వంక చూసి, నా వంక చూడకుండానే, "రేపటిసంది నువ్వు గ్రాఫు కాడ కూసో బిడ్డా" అన్నాడు.

ఆ మర్నాడు వెళ్ళేసరికి మూల ఒక చాప వేసి ఉంది. మగ్గాల గదిలో ట్యూబులైటు పోయి పసుపు బల్బు వచ్చింది. గోడకు ఒక పలక తగిలించి ఉంది, ఆ రోజు చేయాల్సిన పని సుద్దముక్కతో వరుసగా రాసి. మూడేళ్ళుగా ప్రతి పొద్దూ ఆ పలక రాస్తున్నాడు. పని మారితే ముందు రోజే గీత కొట్టి కొత్తది రాస్తాడు. పెద్దమ్మ మిక్సీ వేసేముందు వంటింట్లోంచి కేక వేస్తుంది, "మిక్సీ ఏస్తున్న బిడ్డా!" అని. నేను లేచి పెరట్లోకి పోతాను. ఆగిపోయాక మళ్ళీ కేక.

మా ఇళ్ళల్లో చింతకింది మల్లేశం గారి పేరు తెలియని వాళ్ళుండరు. ఆసు పోయడమంటే కొయ్యల చుట్టూ నూలు తిప్పుతూ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి. అది ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని, భుజాలు అరిగిపోయేవి. వాళ్ళ అమ్మ నొప్పి చూడలేక ఆయన యంత్రం చేసి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. మా అమ్మ భుజం కూడా ఆ యంత్రం వచ్చాకే కుదుటపడింది. ఆ పలక, ఆ పసుపు బల్బు చూసినప్పుడల్లా నాకు ఆ యంత్రం గుర్తొస్తుంది. నువ్వు ఓర్చుకో అని అనకుండా పనినే మనిషికి తగ్గట్టు తిప్పుకున్నారు.

ఇక ఆ పనిలో నాకు దొరికిన సంతోషం ఎట్లాంటిదో చెప్పాలి, ఎందుకంటే ఆటిజం గురించి మాట్లాడేటప్పుడు కష్టాలే చెబుతారు, దీని గురించి ఎవరూ చెప్పరు. గ్రాఫు ముందు కూర్చుంటే నాకు గంటలు తెలియవు. ఆకలి, దాహం, ఊరు, ఉద్యోగం పోయిన బాధ, ఏవీ ఉండవు. గళ్ళు మాత్రమే ఉంటాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆటిజం పరిశోధకురాలు డైనా మర్రే, మరో ఇద్దరు 2005లో దీని గురించి మోనోట్రోపిజం అనే పేరుతో రాశారని వదినె చెప్పింది. అందరి ధ్యాస పది కాలువల్లో పారితే మా లాంటి వాళ్ళ ధ్యాస ఒకే కాలువలో నిండుగా పారుతుందని దాని సారం. అడ్డం వేస్తే గట్టు తెగేదీ అందుకే. నీళ్ళు ఒక్క మడికే పారితే ఆ మడి ఎట్లా పచ్చబడుతుందో చెప్పాల్సిన పని లేదు.

ఇంకొకటి. గీత వంకర పోతే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అట్లాంటి నాకు ఇక్కత్ ఎందుకు నచ్చిందని వదినె ఒకసారి అడిగింది, ఇక్కత్‌లో ఏ అంచూ తిన్నగా ఉండదు కదా అని. నేను రెండు రోజులు ఆలోచించి జవాబు రాసిచ్చాను. రబ్బరు కట్టు కింద రంగు కాస్త పాకుతుంది. నేసేటప్పుడు దారం వెంట్రుకంత అటో ఇటో జరుగుతుంది. అందుకే చిలక ముక్కు మంచులో చూసినట్టుంటుంది. ఆ మసక ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. కారణం తెలిసిన మసక నన్ను భయపెట్టదు. మనుషుల మాటల్లో మసకకే కారణం తెలియక భయపడేదాన్ని. ఇప్పుడు మా ఇంట్లో వాళ్ళు కారణం కూడా చెబుతున్నారు. "కోపంగా లేను, తలనొప్పిగా ఉంది" అని పెద్దమ్మ ముందే అంటుంది. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో రాసిందీ ఇదేనట. మేము మిమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, మీరు మమ్మల్ని అర్థం చేసుకోలేకపోవడమూ అంతే నిజమని. పెద్దమ్మ అదేమీ చదవలేదు. తన వైపు నుంచి సగం దూరం నడిచి వచ్చింది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ చీర చూసి "ఆటిజం ఉంటే ఏదో ఒక గొప్ప విద్య ఉంటుందట" అనుకోకండి, దయచేసి. వదినె దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక బాబు ఉన్నాడు, మాటలు రావు. నల్లా కింద అరచేయి పెట్టి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు జారడం చూస్తూ పకపకా నవ్వుతాడు. నేనూ ఒకసారి వాడి పక్కన చేయి పెట్టి చూశాను. వెలుగు పడి నీళ్ళు దారాల్లా విడిపోతాయి, నిజంగా. వాడు ఆ నీళ్ళతో ఏ చీరా నేయడు, నేయక్కర్లేదు. ఆ బాబు సంతోషం, నా సంతోషం ఒకటే. నాది అమ్ముడుపోతుంది, అంతే తేడా. నా చీరకు ఇచ్చిన మర్యాద ఆ నవ్వుకూ ఇవ్వండి.

చివరి దండం పేరు తెలియని ఒకామెకు. ఈ పోస్టు ఆమెకు చేరితే చాలు.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 వైకల్యాలు చేర్చారు, అందులో ఉంది. ఆ వైకల్య సర్టిఫికెట్ కోసం నిరుడు వానాకాలంలో నగరంలో ఒక ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. "ఇంజనీరింగ్ చదివినవు, నీకు ఆటిజమేంది" అని ఫైలు కూడా తెరవకుండా పంపించేశారు. (తర్వాత వేరే చోట, వదినెతో కలిసి వెళ్తే పని అయింది.) ఆ సాయంత్రం ఉప్పల్‌లో బస్సు కోసం నిలబడ్డాను. వాన, హారన్లు, జనం తోపులాట, ఎవరిదో తడిసిన సంచి నా మెడకు రాసుకుంది. అక్కడితో కట్ట తెగింది. చెవులు మూసుకుని నేల మీద కూర్చుండిపోయాను. మాట పోయింది. "ఫిట్సు, ఫిట్సు" అంటూ ఒకరు తాళం చెవులు చేతిలో కుక్కారు, ఒకరు నీళ్ళు చల్లారు. వాళ్ళూ మంచికే చేశారు, కానీ ప్రతి చేయీ నిప్పులా తగిలింది.

అప్పుడు మీ గొంతు వినబడింది. "జరుగుండ్రి, ముట్టకుండ్రి." అందర్నీ దూరం పంపి, నాకు బారెడు దూరంలో తడి నేల మీదే కూర్చున్నారు. ఏమీ అడగలేదు. మీ చున్నీ తీసి, నా మీద వేయకుండా, నాకు అందేంత దగ్గర పెట్టారు. నేనే తీసుకుని నెత్తి మీంచి కప్పుకున్నాను. లోపల అంతా పచ్చగా అయిపోయింది, పసుపులో కాస్త ఆకుపచ్చ కలిపితే వచ్చే పచ్చ. ఆ నేత సందుల్లోంచి వెలుగు చుక్కలు లెక్కబెట్టుకుంటూ కూర్చున్నాను. మూడు బస్సులు పోయాయి. మీరు లేవలేదు. తర్వాత ఫోన్‌లో "ఏ ఊరు?" అని టైపు చేసి చూపించారు. నేను టైపు చేశాను. బస్సు ఎక్కించి, కండక్టరమ్మకు చెప్పి, జీరో టికెట్ నా చేతికి వచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడ్డారు. బస్సు కదిలేటప్పుడు ఒక్క మాటన్నారు, "మా తమ్ముడు గిట్లనే."

చున్నీ ఇవ్వడం మరిచిపోయాను. మీరూ అడగలేదు.

మీ చున్నీ నా దగ్గరే ఉంది. ఉతికి, మడిచి, కండెల డబ్బా పక్కన పెట్టుకున్నాను. ఆ పచ్చ తేవడానికి పెద్దనాయన, నేను నాలుగుసార్లు రంగు కలిపాం, నాలుగోసారి కుదిరింది. ఇప్పుడు దిగిన చీర కొంగంతా అదే రంగు. ప్రతి నెలా మొదటి గురువారం నేను, వదినె ఉప్పల్ మీదుగా నూలుకు వస్తాం, సాయంత్రం అదే బస్సు ఎక్కుతాం. చున్నీ సంచిలో పెట్టుకునే వస్తాను.