మన కాలనీ తోట సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు, మోటారు మరమ్మతు లెక్క కోశాధికారి గారు విడిగా చదువుతారు. నేను బయోడైనమిక్ సేద్యం గురించే చెబుతాను. ఏడాది పొడవునా తోటలో ఏ ఇద్దరు కలిసినా నడిచింది ఆ ముచ్చటే.

1924 జూన్‌లో, ఇప్పుడు పోలండ్‌లో ఉన్న కోబర్విట్స్ ఎస్టేటులో, ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఎనిమిది ప్రసంగాలు చేశారు. ఈ సేద్యం పుట్టింది వాటి నుంచే. విత్తనంలో సత్తువ పోతోంది, పశువులకు రోగాలు పెరుగుతున్నాయి, ఏం చేయాలని రైతులే ఆయన్ని అడిగారు. ఆయన చెప్పినదానికి మూలం ఒకటే: పొలం మొత్తం ఒక ప్రాణి. మన్ను, పైరు, పశువు, మనిషి దాని అవయవాలు. పశువు ఆ పొలంలో మేతే మేయాలి, దాని పేడ ఆ మన్నుకే చేరాలి. సూర్యచంద్రుల నడక కూడా పైరు మీద పనిచేస్తుందని ఆయన నమ్మకం. కార్తెలు చూసి విత్తనం వేసిన మన పెద్దవాళ్లకు ఇది కొత్తగా అనిపించలేదు.

ఆ ప్రసంగాలకు నూరేళ్లు నిండిన సందర్భంగా, ఆయన అందులో చెప్పిన కొమ్ము ఎరువును మనమూ చేశాం. దసరా వెళ్లాక 12 కొమ్ముల్లో పాడి ఆవు పేడ కూరి పాతిపెట్టాం. ఎద్దు కొమ్ము పనికిరాదు, ఈనిన ఆవుదే కావాలి. ఉగాది ముందు తవ్వితే తొమ్మిదింటిలో పేడ నల్లగా, మెత్తగా మారింది. పేడ కంపు లేదు, తొలకరికి తడిసిన నేల వాసన. పల్లం వైపున్న మూడింటిలోకి నీరు దిగి పేడ పచ్చిగానే ఉండిపోయింది. ఆ చోటు ఎంచింది నేను, పొరపాటు నాదే.

ఒక కొమ్ములోని ఎరువును బకెట్ నీళ్లలో గంటసేపు కలపాలి. కర్రతో ఒకవైపు తిప్పి, సుడి అడుగుదాకా పడ్డాక ఎదురు తిప్పాలి. వంతులవారీగా తిప్పి, పొద్దు వాలాక వేపమండలతో చల్లాం.

“కొమ్ములో ఏముందండీ, మేలంతా కంపోస్టుదే” అన్న సభ్యుల మాటా రాయాలి. స్విట్జర్లాండ్‌లో 1978 నుంచి రసాయన, సేంద్రియ, బయోడైనమిక్ పద్ధతులను పక్కపక్కనే పోల్చి చూస్తున్నారు. 21 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి: రసాయన మళ్లకంటే సేంద్రియ, బయోడైనమిక్ మళ్లలో దిగుబడి సుమారు 20 శాతం తక్కువ, నేలలో జీవం ఎక్కువ. కొమ్ము మహిమ మాత్రం నిర్ధారణ కాలేదు. నాకైతే, మన వంటింటి తొక్కలు మన మన్నులోనే కలవాలన్న పట్టుదల ఒక్కటే చాలు ఈ పద్ధతిని కొనసాగించడానికి. మన అరకులో గిరిజన రైతులు ఈ పద్ధతిలోనే కాఫీ పండిస్తున్నారు. అక్కడికి ఒకసారి వెళ్లిరావాలని కమిటీ అనుకుంటోంది.

వచ్చే దసరాకు గుంట మెరక మీద తవ్వుతాం. కొమ్ములు కడిగి ఆరబెట్టాం, రెండు పగిలాయి. గోశాలలో ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

– కార్యదర్శి