క్లినిక్ ప్లాను వెనక గది నుంచి గీయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. హైదరాబాద్ నగరం చుట్టూ కొత్త కాలనీలు లేస్తున్నాయి. ప్రతి కాలనీలో మెయిన్ రోడ్డు మీద రెండు షట్టర్లు అద్దెకు తీసుకుని ఎవరో ఒక డాక్టరు క్లినిక్ తెరుస్తున్నారు. 2018లో మొదలైన ప్రభుత్వ బస్తీ దవాఖానాలు ఉన్నా, సాయంత్రం పూట జ్వరం వచ్చిన పిల్లాణ్ని ఎత్తుకుని జనం ముందుగా వెళ్లేది ఇంటి దగ్గరి క్లినిక్‌కే. అవి బాగుండటం అందరికీ అవసరం. క్లినిక్‌ల ఏర్పాటు, నిర్వహణ పనుల్లో ఉన్నవాళ్లంగా మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటే. డబ్బంతా గ్లోసైన్ బోర్డుకూ ఫాల్స్ సీలింగ్‌కూ రిసెప్షన్ టేబుల్‌కూ పోతోంది. పరికరాలు కడిగే చోటు, వాడిన సూదులు వేసే చోటు, గాలి వచ్చే కిటికీ, నీళ్ల ఏర్పాటు, వీటికి మాత్రం మిగిలిన మూల దక్కుతోంది. రోగి క్లినిక్‌కు వచ్చి కొత్త రోగం అంటించుకుని పోతే దానికి కారణం చాలాసార్లు ఆ మూలే. అందుకే ప్లాను అక్కడి నుంచి గీయాలి.

షట్టర్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాల్సినవి ఉన్నాయి. గడప రోడ్డుకు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలవండి. వీల్‌చైర్ ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. గడప ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉంటే 18 అడుగుల ర్యాంపు కావాలి. షట్టర్ ముందు అంత జాగా ఉండదు. అప్పుడు మేస్త్రీ మూడు అడుగుల్లో నిటారుగా ఒక దిబ్బ పోసి ర్యాంపు అంటాడు. దాని మీద వీల్‌చైర్ తొయ్యడం ఒక్క మనిషి వల్ల కాదు, దిగేటప్పుడు రోగి ముందుకు బోర్లా పడతాడు. పక్కకు తిప్పి గోడ వెంబడి కట్టే వీలు లేకపోతే వేరే షట్టర్ వెతుక్కోవడమే మంచిది. లోపలి తలుపులు కనీసం మూడు అడుగులు, స్ట్రెచర్ పోవాల్సిన దారిలో నాలుగు అడుగులు ఉండాలి. సెల్లార్‌లో ఎంత తక్కువ అద్దెకు ఇచ్చినా వద్దు. సెల్లార్లను ముంచిన 2020 అక్టోబరు వాన ఒక్కటి గుర్తు తెచ్చుకుంటే చాలు. క్లినిక్ పైన ఉన్నా ఇన్వర్టర్ బ్యాటరీలు, రోగుల ఫైళ్లు, మందుల సరుకు సెల్లార్‌లో పెట్టకూడదు.

ఇక గాలి సంగతి. ముందు అద్దం, వెనక గోడ, పైన ఫాల్స్ సీలింగ్, మధ్యలో స్ప్లిట్ ఏసీ. చాలా వెయిటింగ్ హాళ్లు ఇలాగే ఉన్నాయి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఆ గదిలో ఒక టీబీ రోగి గంటసేపు దగ్గుతూ కూర్చుంటే మిగతా అందరూ అదే గాలి పీలుస్తారు. గాలి ద్వారా అంటుకునే జబ్బులున్న చోట గంటకు 12 సార్లు గది గాలి మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లెక్క కష్టమేమీ కాదు. పది అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో 1,200 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. పన్నెండు సార్లు మారాలంటే గంటకు 14,400, అంటే నిమిషానికి 240 ఘనపుటడుగులు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ డబ్బా మీద గంటకు ఎన్ని ఘనమీటర్లో రాసి ఉంటే 408కి తగ్గకుండా చూసుకోవాలి. జాలీకి దుమ్ము పట్టాక డబ్బా మీది అంకె అందదు కాబట్టి కొంత ఎక్కువదే కొనండి, నెలకోసారి రెక్కలు తుడిపించండి.

ఫ్యాను పెట్టినంత మాత్రాన సరిపోదు. గాలి లోపలికి రావడానికి ఎదుటి గోడలో కిటికీ ఉండాలి. రెండూ ఒకే గోడకు ఉంటే గాలి ఆ మూలనే తిరిగి బయటికి పోతుంది, రోగి కూర్చున్న చోటు అలాగే ఉక్కపోస్తుంటుంది. డాక్టరు కుర్చీ కిటికీ వైపు, రోగి కుర్చీ ఫ్యాను వైపు వేస్తే తాజా గాలి ముందు డాక్టరు మీదుగా, తర్వాత రోగి మీదుగా బయటికి పోతుంది. దగ్గుతో వచ్చినవాళ్లకు టోకెన్ ఇచ్చేటప్పుడే మాస్కు ఇచ్చి ఎగ్జాస్ట్ ఫ్యాను పక్క కుర్చీ చూపించాలి. ఎగ్జాస్ట్‌ను అపార్ట్‌మెంట్ కారిడార్‌లోకి వదిలే పని చాలా చోట్ల జరుగుతోంది. అది లోపలి గాలిని పక్కింటివాళ్ల మీదికి తోలడమే, కచ్చితంగా మాన్పించాలి.

పరికరాలు కడిగి శుద్ధి చేసే వెనక గదికి ఎనిమిది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు చాలు. అందులో పని ఒకే వరసలో సాగాలి: మురికి పరికరం వచ్చే చోటు, కడిగే సింకు, ఆరబెట్టి ప్యాక్ కట్టే బల్ల, ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే యంత్రం), చివర శుభ్రమైనవి పెట్టే తలుపుల బీరువా. మురికిదీ శుభ్రమైనదీ ఒకే బల్ల మీద కలిశాయంటే ఆ తర్వాత ఎంత మంచి యంత్రం ఉన్నా ఉపయోగం లేదు. చేతులు కడుక్కునే సింకు వేరు, పరికరాల సింకు వేరు. ప్రతి కన్సల్టింగ్ గదిలోనూ మోచేతితో తిప్పే కుళాయితో ఒక సింకు ఉండాలి. కుళాయి నీళ్లు నేరుగా డ్రైనేజీ రంధ్రంలో పడకుండా కాస్త పక్కన పడేలా పెట్టమని ప్లంబర్‌కు చెప్పండి, లేదంటే రంధ్రంలోని మురికి చింది చేతుల మీదికే వస్తుంది.

ఆటోక్లేవ్ దగ్గర జరిగే పొరపాటు చాలామంది కంట పడదు. చిన్న క్లినిక్‌లలో వాడేది ఎక్కువగా నిలువు రకం. నీళ్లు మరిగి, లోపలి గాలి అంతా ఆవిరితో పాటు బయటికి పోయాకే వాల్వు మూయాలి. తొందరపడి ముందే మూస్తే గాలి సగం లోపలే చిక్కుకుంటుంది. ఒత్తిడి కొలిచే గేజీ 15 పౌండ్లు చూపిస్తుంది కానీ లోపల వేడి 121 డిగ్రీలకు బదులు 112 దగ్గరే ఆగుతుంది. ముల్లు సరిగానే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. హైదరాబాద్‌కు ఇంకో సంగతి కూడా ఉంది. మన నగరం సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి 121 డిగ్రీలు రావాలంటే గేజీ 16 దగ్గరికి రావాలి. ఒత్తిడిని నిలిపే వాల్వు బరువు మార్చే వీలు లేని యంత్రమైతే సమయం ఇంకొన్ని నిమిషాలు పెంచండి. గుడ్డలో చుట్టిన ప్యాకులకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ప్యాకులు కుక్కి పెడితే మధ్యలో వాటికి ఆవిరి అందదు. తడిగా బయటికి తీసిన ప్యాకు బల్ల మీది క్రిములను లోపలికి పీల్చుకుంటుంది, దాన్ని మళ్లీ పెట్టాల్సిందే. ప్యాకు మీద అంటించే టేపు గీతలు నల్లబడితే అది వేడి తగిలిందనే చెబుతుంది, క్రిములు చచ్చాయని కాదు. అందుకు వారానికోసారి బయొలాజికల్ ఇండికేటర్ (బతికున్న క్రిములుండే పరీక్ష గొట్టం) పెట్టి, అవి చచ్చాయో లేదో చూడాలి. బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బోర్లలో ఉప్పెక్కువ, కొద్ది నెలల్లోనే హీటింగ్ కాయిల్‌కు తెల్లటి పెచ్చు కట్టి వాల్వు పట్టేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఖర్చు కాయిల్ మార్చే ఖర్చు ముందు లెక్కలోది కాదు.

వైద్య వ్యర్థాలకు 2016 నిబంధనలున్నాయి. దూది, కట్లు, గడువు తీరిన మందులు పసుపు సంచిలో. సెలైన్ ట్యూబులు, గ్లౌజులు, సూది తీసిన సిరంజిలు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. గాజు వయల్స్, ఆంపుల్స్ నీలంలో. 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. మంచాలు లేని క్లినిక్‌కు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఒక్కసారి తీసుకుంటే సరిపోతుంది, కానీ వార్షిక నివేదిక ఏటా జూన్ 30లోగా ఇవ్వాలి. వ్యర్థాలు తీసుకెళ్లే ఏజెన్సీ బండి రోజు విడిచి రోజు వచ్చే చోట ఆదివారం, పండగ కలిస్తే సంచి మూడో రోజుకు పోతుంది. సెలవుల్లో బండి ఎప్పుడొస్తుందో ఏజెన్సీతో ఒప్పందంలోనే రాయించుకోండి. ఒక్క సూది ఇళ్ల చెత్త ఎత్తే స్వచ్ఛ ఆటోలో పడినా, చెత్త వేరు చేసే మనిషి చేతికి గుచ్చుకునేది అదే.

సూది గుచ్చుకునే ప్రమాదం ఎక్కువగా వాడిన సూదికి రెండు చేతులతో మూత పెట్టేటప్పుడే జరుగుతుంది. మూత పెట్టకుండా సూదిని కోసే కట్టర్‌లో వెయ్యాలి. తెల్ల డబ్బా ముప్పావు నిండగానే మూసెయ్యాలి, కుక్కకూడదు. గుచ్చుకుంటే నెత్తురు పిండకుండా సబ్బుతో, పారే నీళ్లతో కడిగి, వీలైతే రెండు గంటల్లోపు, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటలు దాటకుండా హెచ్ఐవీ నివారణ మందు మొదలుపెట్టాలి. గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లో ఏఆర్‌టీ (హెచ్ఐవీ చికిత్స) సెంటర్లు ఉన్నాయి. ఈ నాలుగు మాటలు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. ఆయమ్మకు కూడా హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించాలి. నర్సుకు వేయించి ఆయమ్మను మరిచే క్లినిక్‌లే ఎక్కువ, సంచులు మోసేది మాత్రం ఆమే.

టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, పొద్దున సాయంత్రం చూసి రిజిస్టరులో రాయాలి. ఎండాకాలం పాడవుతాయని భయపడి నాబ్ చివరికి తిప్పేస్తారు. నిజానికి పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా), హెపటైటిస్ బి, టీటీ లాంటివి గడ్డకడితే పనికిరావు, ఆ తర్వాత కరిగినా బలం రాదు. తలుపు అరల్లో టీకాలు పెట్టొద్దు, అక్కడ నీళ్ల సీసాలు పెడితే కరెంటు పోయినప్పుడు చల్లదనం నిలుస్తుంది.

అత్యవసర మందుల ట్రే డాక్టరు చేతికి అందే దూరంలో, తాళం లేకుండా ఉండాలి. ఇంజెక్షన్ ఒంటికి సరిపడక కుప్పకూలిన వయోజనుడికి 1:1000 అడ్రినలిన్ అర మిల్లీలీటరు తొడ కండరంలోకి వెంటనే ఇవ్వాలి. ఆంపుల్ గోధుమ రంగుకు తిరిగిందంటే పారేయాలి. బి టైపు ఆక్సిజన్ సిలిండర్‌లో 1,500 లీటర్లు పడతాయి, నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున ఐదు గంటలు వస్తుంది. సిలిండర్ నిండుగా ఉండి, తిప్పే తాళంచెవి దొరక్క ఆగిపోయే పరిస్థితి రాకూడదు. తాళంచెవిని గొలుసుతో సిలిండర్‌కే కట్టండి. వారానికోసారి తెరిచి చూడండి.

ఇప్పుడు డబ్బు లెక్క. అద్దె, ఇద్దరి జీతాలు, కరెంటు, వ్యర్థాల ఏజెన్సీ, ఈఎంఐ, డాక్టరు ఇంటి ఖర్చు అన్నీ కలిపి నెలకు 1,80,000 అనుకుందాం. ఫీజు 300 అయితే 600 మంది రావాలి. 25 రోజులకు రోజుకు 24 మంది. వారంలోపు మళ్లీ వస్తే ఫీజు తీసుకోకపోవడం మన దగ్గర అలవాటు కాబట్టి, నలుగురిలో ఒకరు అలా వస్తారనుకుంటే 32 మందిని చూడాలి. మనిషికి పది నిమిషాలంటే 5 గంటల 20 నిమిషాలు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకానే ఓపీ పెడితే ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు కూడా రావు. ఇంటీరియర్ కోసం పది లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 22 వేల పైచిలుకు, అంటే నెలకు 75 మంది ఫీజు అచ్చంగా బ్యాంకుకే. అవసరం లేని సెలైన్లు, ఇంజెక్షన్లు, టెస్టులు మొదలయ్యేది ఇక్కడే అని మా గట్టి నమ్మకం. ఆరు నెలల ఖర్చు, పై లెక్కలో 10,80,000, చేతిలో పెట్టుకుని, ఇంటీరియర్ తగ్గించుకుని తెరిచే డాక్టరుకు ఆ ఒత్తిడి ఉండదు.

రిజిస్ట్రేషన్ల గురించి క్లుప్తంగా. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా వైద్యారోగ్య అధికారి కార్యాలయంలో నమోదు చేయించాలి. ఫీజుల పట్టిక తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ కనబడేలా పెట్టాలి. స్కానింగ్ యంత్రం ఉంటే పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశు లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద రిజిస్ట్రేషన్, నెలనెలా 5వ తేదీలోగా నివేదిక తప్పనిసరి. రోగి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

తనిఖీకి వచ్చే అధికారులకు మా విజ్ఞప్తి: గోడ మీది సర్టిఫికెట్లతో పాటు ఆటోక్లేవ్ ఇండికేటర్ రిజిస్టరు, సూదుల డబ్బా, ఫ్రిజ్ రిజిస్టరు తెరిపించి చూడండి. పది నిమిషాల పని. కాలనీల్లో షట్టర్లు కట్టే బిల్డర్లను ఒకటి అడుగుతున్నాం. రెండో మూడో షట్టర్లకైనా వెనక గోడలో బయటికి తెరుచుకునే కిటికీ, ఒక నాలుగంగుళాల డ్రైనేజీ లైను, పక్క నుంచి ర్యాంపుకు జాగా ప్లానులోనే వదలండి. కట్టేటప్పుడైతే వీటి ఖర్చు స్వల్పం. తర్వాత స్లాబు, గోడ పగలగొట్టి పెట్టాలంటే యజమాని ఒప్పుకోడు, డాక్టరు దగ్గర అప్పటికి డబ్బు మిగలదు.

ఇట్లు,
క్లినిక్‌ల ఏర్పాటు, నిర్వహణ పనుల్లో ఉన్నవారు,
హైదరాబాద్