శనివారం విట్బీ ట్రిప్

అందరికీ నమస్తే. ఇంగ్లండ్ సముద్రతీరంలో ఉన్న విట్బీ ఊరికి శనివారం పొద్దున ఏడున్నరకే లీడ్స్ నుంచి బయల్దేరుదాం, ఆలస్యమైతే పార్కింగ్ దొరకడం కష్టం.

ముందు 199 మెట్లు ఎక్కి అబ్బే (పాత క్రైస్తవ మఠం) శిథిలాలు చూద్దాం. 657లో మొదలైన మఠం, హిల్డా అనే ఆవిడ నడిపించారు, ఈస్టర్ ఏ రోజు జరుపుకోవాలన్న గొడవ 664లో తేలింది అక్కడే. ఇప్పుడు కనిపించే గోడలు తర్వాతి కాలానివి, 1539లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాన్ని మూయించాక పాడుబడ్డాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైంది కేడ్‌మన్ కథ. ఆ మఠంలో పశువులు కాసుకునే మనిషి, ఇంగ్లీషులో పేరు తెలిసిన మొట్టమొదటి కవి ఆయనే! మన పిల్లలు రోజూ చదివే భాష కదా, మెట్లు ఎక్కుతూ వాళ్లకి ఈ కథ తప్పకుండా చెప్పండి.

కిందికి దిగాక గ్రేప్ లేన్ అనే వీధిలో, ఓడలో ప్రపంచం చుట్టిన నావికుడు కెప్టెన్ కుక్ మ్యూజియం. ఆయన ఎండెవర్ ఓడ 1764లో ఈ ఊళ్లోనే కట్టారు, అప్పట్లో అది బొగ్గు మోసే ఓడ.

మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లని కారులో పైదాకా తీసుకెళ్లొచ్చు. గాలి బాగా కొడుతుంది, జాకెట్లు మర్చిపోవద్దు. ఫిష్ అండ్ చిప్స్ తినేవాళ్లు సీగల్స్‌తో జాగ్రత్త, చేతిలోంచి లాక్కుపోతాయి. శాకాహారులకి నేను పులిహోర చేస్తున్నాను, ఎంతమందో గురువారం లోపు చెప్పండి.