నందాదేవి మంచులో పోయిన ప్లుటోనియం పెట్టె సంగతేంటి?

సంపాదకుడిగారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా, సోవియట్‌ల అణు పోటీ మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. క్యూబా ఉంది, బెర్లిన్ గోడ ఉంది, కెన్నెడీ, కృశ్చేవ్‌ల బేరసారాలు ఉన్నాయి. ఆఖరున మాత్రం, మన దేశం ఈ పోటీని దూరం నుంచే చూసిందని తేల్చేశారు. అక్కడే నాకు పేచీ. ఆ పోటీ రోజుల్లోనే చైనా మీద నిఘా కోసం అమెరికా తెచ్చిన ప్లుటోనియం ఉత్తరాఖండ్‌లోని మన నందాదేవి కొండ మీదే పోయింది. 1965లో పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

నేను ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. రేడియోధార్మికత పాఠం ఏటా చెప్పాను, అర్ధాయువు (రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గే కాలం) లెక్కలు బోర్డు మీద వందలసార్లు చేయించాను. ఈ సంగతి మాత్రం రిటైరయ్యాక, బదరీనాథ్ యాత్రలో మా వ్యాన్ డ్రైవర్ చెబితే మొదటిసారి విన్నాను. జోషీమఠ్ దిగాక విష్ణుప్రయాగ దగ్గర బండి ఆపి, అలకనందలో కలుస్తున్న నదిని చూపించి, "అది ధౌలీగంగ సార్. దాని పైన ఎక్కడో అమెరికావాళ్ల బాంబు ఉంది" అన్నాడు హిందీలో. వ్యాన్‌లో అందరం నవ్వేశాం. ఇంటికొచ్చి చదివితే, బాంబు అన్న ఒక్క మాట తప్ప మిగతాదంతా నిజమేనని తేలింది.

1964 అక్టోబర్ 16న చైనా షింజియాంగ్‌లోని లోప్‌నూర్‌లో తొలి అణుపరీక్ష చేసింది. మనకు అప్పటికి 1962 దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అమెరికాది ఇంకో బెంగ. బాంబు సరే, దాన్ని మోసుకెళ్లే క్షిపణి పని ఎంతదాకా వచ్చింది? క్షిపణి ఎగిరేటప్పుడు తన వేగం, ఎత్తు, ఇంజిన్ పరిస్థితి రేడియో సంకేతాలుగా కిందికి పంపుతుంటుంది. దీన్నే టెలిమెట్రీ అంటారు. ఆ సంకేతాలు పట్టుకుంటే సగం గుట్టు తెలిసినట్టే. కానీ అవి సూటిగా పోతాయి, కొండ అడ్డొస్తే ఇవతలికి అందవు. మధ్యలో ఉన్నది హిమాలయాలు. అప్పటి ఉపగ్రహాలకు ఈ పని చేతకాదు. ఇక మిగిలింది, ఆ గోడెక్కి చెవి పెట్టడమే.

1963లో ఎవరెస్ట్ ఎక్కి వచ్చిన ఫొటోగ్రాఫర్ బారీ బిషప్, అమెరికా వైమానిక దళాధిపతి కర్టిస్ లెమే ఒక పార్టీలో మాట్లాడుకుంటుండగా ఈ ఆలోచన పుట్టిందంటారు. క్యూబా మీద బాంబులేద్దామని కెన్నెడీని తొందరపెట్టిన జనరల్ ఈ లెమేనే. సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో చేతులు కలిపాయి. పైకి మనది అలీన విధానం. కానీ మన పక్కనే ఒడిశాలో, కటక్ దగ్గరి చార్‌బతియా నుంచి 1964లోనే అమెరికా యూ-2 గూఢచారి విమానాలు ఎగిరాయి. కాబట్టి ఇదేమీ కొత్త స్నేహం కాదు.

మన వైపు నుంచి ఈ పని నేవీ అధికారి మన్‌మోహన్ సింగ్ కోహ్లీ మీద పడింది. 1965 మేలో తొమ్మిదిమందిని ఎవరెస్ట్ శిఖరానికి చేర్చిన జట్టుకు నాయకుడాయన. అమెరికన్లు మొదట కాంచనజంగ మీద పెడదామన్నారు. అది అయ్యే పని కాదని ఆయన ముఖం మీదే చెప్పేశారు. చివరికి 7,816 మీటర్ల నందాదేవి దగ్గర తేలారు. మనవాళ్లను అలాస్కాలోని మెకిన్లీ పర్వతానికి తీసుకెళ్లి తర్ఫీదు కూడా ఇచ్చారు.

యాంటెన్నా, సంకేతాలు అందుకుని పంపే ట్రాన్స్‌సీవర్లు, వాటికి కరెంటిచ్చే జనరేటర్ అన్నీ కలిపి 50 కిలోల పైమాటే. అంత ఎత్తుకెళ్లి బ్యాటరీ మార్చేదెవరు? అందుకని స్నాప్-19 రకం జనరేటర్‌లో ప్లుటోనియం-238 గొట్టాలు పెట్టారు. ఈ లోహం దానంతటదే వేడిగా ఉంటుంది, గ్రాముకు అర వాట్ పైనే. ఆ వేడిని కరెంటుగా మారుస్తారు. 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకలు ఇంతకాలం మాట్లాడాయంటే ఇదే ఇంధనం చలవ. నందాదేవి చలిలో షెర్పాలకు ఈ పెట్టె తెగ నచ్చిందట. మోసేవాడి వీపు వెచ్చగా ఉంటుంది కదా, నాకివ్వు అంటే నాకివ్వు అని పోటీపడ్డారట. గురు రింపోచే అని తమ బౌద్ధ గురువు పేరు కూడా పెట్టుకున్నారు. దాని ప్రమాదం ఎంతో అప్పట్లో తమకు తెలియదని కోహ్లీయే చాలా ఏళ్ల తర్వాత చెప్పుకున్నారు.

అక్టోబర్‌లో, శిఖరానికి ఇంకా కొంత దూరం ఉందనగా మంచు తుఫాను కమ్ముకుంది. జట్టు నాలుగో క్యాంపు దగ్గర చిక్కుకుంది. కింద బేస్ క్యాంపులో ఉన్న కోహ్లీ, సామాను అక్కడే కట్టేసి దిగి వచ్చేయమన్నారు. మనుషులు బతకాలంటే ఇంకో దారి లేదు, ఆయన స్థానంలో నేనున్నా అదే మాట చెప్పేవాణ్ణి. రాతి అంచు కింద తాళ్లతో బిగించి వచ్చేశారు. 1966 వేసవిలో మళ్లీ ఎక్కి చూస్తే పెట్టె లేదు, దాన్ని కట్టిన రాతి అంచూ లేదు. మంచుచరియ మొత్తం ఊడ్చుకుపోయింది. 1968 దాకా వెతికి వదిలేశారు. ఈలోగా 1967లో పక్కనే ఉన్న నందాకోట్ మీద ఇంకోటి పెట్టారు. అది కొన్నాళ్లు పనిచేసింది. మంచులో కూరుకుపోతే తవ్వి తెచ్చుకున్నారు. దాని వేడికి చుట్టూ మంచు కరిగి చిన్న గుహలా అయి ఉందట. మొదటిది ఎక్కడుందో ఊహించాలంటే నాకు ఆ గుహే గుర్తొస్తుంది.

ఇదంతా జనానికి తెలిసింది 1978లో, అదీ ఒక అమెరికన్ పత్రిక బయటపెడితే. ఆ ఏప్రిల్‌లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు. రెండు ప్రభుత్వాలూ అత్యున్నత స్థాయిలో కలిసి చేసిన పని ఇదని చెప్పారు. తాను ఓడించి వచ్చిన పార్టీ హయాం నాటి వ్యవహారం. కావాలంటే బురద జల్లవచ్చు, ఆయన ఆ పని చేయలేదు. ఆత్మారాం అధ్యక్షతన శాస్త్రవేత్తల కమిటీ వేశారు. హోమీ సేత్నా, రాజా రామన్న, ఎం.జి.కె. మీనన్‌లతో పాటు మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి కూడా అందులో సభ్యులు. కాలుష్యం ఆనవాళ్లు కనబడలేదని, ప్రమాదం చాలా తక్కువని, అయినా నీళ్లను పరీక్షిస్తూనే ఉండాలని కమిటీ చెప్పింది. నా పట్టు ఆ చివరి మాట మీదే.

అదే 1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అణు రియాక్టర్‌తో సహా కెనడా ఉత్తర మంచు మీద ముక్కలై పడింది. కెనడా, అమెరికా కలిసి నెలల తరబడి ముక్కలు ఏరాయి. ఎంత వెతికారో, ఏం దొరికిందో అందరికీ చెప్పాయి. కెనడా మాస్కోకు 60 లక్షల కెనడియన్ డాలర్ల బిల్లు పంపి, 1981లో 30 లక్షలు వసూలు చేసుకుంది. మనం వాషింగ్టన్‌కు అలా బిల్లు పంపలేం, ఆ పనిలో మనకూ చెయ్యుంది. కానీ ఏరడం, కొలవడం, చెప్పడం అనే మూడింటిలో చివరి రెండైనా చేయొచ్చు కదా.

నేను జనాన్ని భయపెట్టడానికి రాయడం లేదు. ఈ పెట్టె బాంబులా పేలదు, ఆ ఇంధనం దానికి పనికిరాదు. దాని నుంచి వచ్చే ఆల్ఫా కణాలను కాగితం ముక్క కూడా ఆపేస్తుంది. పొడిగా మారి ఒంట్లోకి, ముఖ్యంగా ఊపిరితిత్తుల్లోకి వెళితేనే ముప్పు. గొట్టాలు కూడా గట్టివే. 1968 మేలో కాలిఫోర్నియా నుంచి పంపిన నింబస్ ఉపగ్రహం దారి తప్పితే రాకెట్‌ను పేల్చేశారు. అందులోని స్నాప్-19 ఇంధనం సముద్రంలో పడింది. కొన్ని నెలలకు అడుగు నుంచి చెక్కుచెదరకుండా తీసి, ఆ ఇంధనాన్నే తర్వాతి ఉపగ్రహంలో వాడుకున్నారు. అయితే సముద్రంలో నెలలు నానడం వేరు, కొండరాళ్ల కింద దశాబ్దాలు నలగడం వేరు. ప్లుటోనియం-238 అర్ధాయువు సుమారు 88 ఏళ్లు. మా ఇంటర్ పిల్లలే లెక్కకట్టి చెబుతారు, అరవై ఏళ్ల తర్వాత కూడా అందులో అరవై శాతానికి పైగా మిగిలే ఉంటుంది.

చెప్పకపోతే ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 7న చూశాం. చమోలీ జిల్లాలో, నందాదేవి వైపు నుంచి వచ్చి ధౌలీగంగలో కలిసే రిషిగంగ ఒక్కసారిగా పొంగి, రెండు వందల మందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది. ఉపగ్రహ చిత్రాలు చూసిన శాస్త్రవేత్తలు రోంటి శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడ్డాయని తేల్చారు. రైణీ గ్రామస్థులు మాత్రం ఆ పెట్టెనే అనుమానించారు. 1974లో గౌరాదేవి వెంట ఆడవాళ్లంతా అడవికెళ్లి, చెట్లు కొట్టేవాళ్లను వెనక్కి పంపిన ఊరది. వాళ్లను అమాయకులనడానికి నాకు నోరు రాదు. పదమూడేళ్లు గుట్టుగా దాచిన సర్కారు ఇప్పుడు నిజమే చెబుతోందని ఎందుకు నమ్మాలి?

నేను అడిగేది పెద్దదేం కాదు. రిషిగంగ, ధౌలీగంగ నీళ్లను, అడుగు మట్టిని ఇప్పుడు ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తున్నారు? ఫలితం ఎంత? ఆ అంకెలు ఒక వెబ్‌సైట్‌లో, హిందీలో, ఆ ఊళ్లవాళ్లు చదివేలా ఉంచాలి. పరీక్ష ఆగిపోయి ఉంటే మళ్లీ మొదలుపెట్టాలి. 1978 కమిటీ చెప్పిందే ఇది. ఇక మీకొక విన్నపం. ఏటా మన రెండు రాష్ట్రాల నుంచి చార్‌ధామ్‌కు బస్సులకు బస్సులు వెళ్తున్నాయి. మీ ఢిల్లీ విలేకరి చేత అణుశక్తి విభాగాన్ని ఈ ప్రశ్న అడిగించి, వచ్చిన జవాబు ఎలా ఉంటే అలా అచ్చువేయండి.

అలకనంద, భాగీరథి కలిసి గంగయ్యే దేవప్రయాగలో మా ఆవిడ నింపించి తెచ్చిన గంగ చెంబు మా దేవుడి గూట్లోనే ఉంది, సీలు విప్పలేదు. ఈ ఉత్తరం చదివి వినిపిస్తే, "తాగొచ్చా తాగకూడదా, అది చెప్పండి ముందు" అంది. తాగొచ్చనే చెప్పాను. ఏ అంకె చూసి చెబుతున్నారని అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ కమిటీ 1979లో చెప్పిన మాటే.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
రాజమహేంద్రవరం