ప్లాను కుదించాక స్కేలు చెల్లదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం సంచికల్లోనూ రియల్ ఎస్టేట్ పేజీల్లోనూ ఇంటి ప్లాన్లు అచ్చవుతున్నాయి. ఇల్లు కట్టుకోబోయేవాళ్లు వాటిని కత్తిరించి దాచుకుంటారు, పట్టీ పెట్టి కొలుచుకుంటారు. చిక్కు అక్కడే ఉంది. చాలా ప్లాన్ల కింద ‘స్కేలు 1:100’ అని ఉంటుంది, అంటే కాగితం మీద 1 మి.మీ. నేల మీద 100 మి.మీ. అని. డ్రాఫ్ట్స్‌మన్ గీసిన అసలు కాగితం మీద ఆ మాట నిజమే. పత్రికలో రెండు కాలమ్‌ల వెడల్పుకు సరిపెట్టడానికి బొమ్మను కుదిస్తారు. గోడలు, తలుపులు అన్నీ దానితోపాటు కుదించుకుపోతాయి, కింద అంకె మాత్రం మారదు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో చూడండి. పన్నెండున్నర అడుగుల గోడ అంటే 3810 మిల్లీమీటర్లు. 1:100లో గీస్తే కాగితం మీద 38.1 మి.మీ. ఉంటుంది. ఆ గీత ఉన్నది ఎ3 కాగితమైతే, దాన్ని అందులో సగముండే ఎ4లోకి జిరాక్స్ తీస్తే పొడవులన్నీ 0.707 వంతుకు దిగి, గీత 26.9 మి.మీ. అవుతుంది. ఇంకా 1:100 అనే అనుకుని చదివితే గోడ ఎనిమిది అడుగుల పది అంగుళాలే. నిజానికి ఆ జిరాక్స్ కాపీ స్కేలు 1:141. వైశాల్యం లెక్కేస్తే ఇంకా ఘోరం. పొడవూ వెడల్పూ రెండూ తగ్గాయి కాబట్టి గది సరిగ్గా సగమైపోతుంది. కంప్యూటర్‌లో పీడీఎఫ్ ప్రింటు తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ పెట్టినా ఇలాంటి తేడాయే వస్తుంది. స్కేలుకు గీసిన కాగితం కావాలంటే ‘యాక్చువల్ సైజ్’ అనే పెట్టాలి.

కాబట్టి అచ్చులో ప్లాను కనబడితే కింద రాసిన స్కేలును పక్కన పెట్టండి. బొమ్మ మీద అంకె వేసి ఉన్న కొలతల్లో అన్నిటికంటే పొడవైనది తీసుకోండి. హాలు 18 అడుగులు అని రాసి ఉంది, పట్టీతో కొలిస్తే 43 మి.మీ. వచ్చింది అనుకుందాం. 18 అడుగులంటే 216 అంగుళాలు. అంకె వేయని పడకగది గోడ 25 మి.మీ. ఉంది. 43కు 216 అయితే 25కు ఎంత? 216ను 25తో గుణించి 43తో భాగిస్తే 125.6 అంగుళాలు, అంటే పది అడుగుల ఐదున్నర అంగుళాలు. 1:100ను నమ్ముకుంటే అదే గోడ ఎనిమిది అడుగుల రెండున్నర అంగుళాలని తేలేది. ఇది బడిలో నేర్చిన అడ్డగుణకారమే, పెద్దవాళ్లు త్రైరాశికం అనేది. ఒక్క నియమం తప్పకూడదు: ఎడమన కాగితం కొలత పెడితే రెండో వరసలోనూ ఎడమన కాగితం కొలతే ఉండాలి, ఒకచోట అంగుళాలు రాస్తే రెండోచోటా అంగుళాలే రాయాలి.

పొడవైన కొలతే ఎందుకంటే, కంటితో చదవడంలో అర మి.మీ. అటూ ఇటూ అవుతుంది. 43లో అర మి.మీ. అంటే నూటికి ఒకటి పైచిలుకు. 12 మి.మీ. ఉన్న బాత్రూం గోడను ఆధారం చేసుకుంటే నూటికి నాలుగు దాటుతుంది, ఆ తప్పు ఆ తర్వాత తీసే ప్రతి కొలతలోకీ పాకుతుంది. అడ్డం కొలతతో కట్టిన లెక్కను నిలువుకు వాడే ముందు కూడా సరిచూసుకోవాలి. పేజీ సర్దేటప్పుడు బొమ్మను ఒక వైపే లాగి ఉండొచ్చు. నిలువుగా అంకె ఉన్న కొలత ఒకటి తీసుకుని మళ్లీ లెక్క కట్టండి, రెండూ కలవకపోతే అడ్డానికి ఒక స్కేలు, నిలువుకు ఒక స్కేలు వాడండి. ఫోన్‌తో పక్క నుంచి తీసి పంపిన ఫొటో అయితే దగ్గరి గోడ పెద్దగా, దూరపు గోడ చిన్నగా పడుతుంది. దాని మీద ఏ అనుపాతమూ నిలవదు. ఇంత జాగ్రత్తపడ్డా, పై ఉదాహరణలో కాగితం మీద అర మి.మీ. అంటే నేల మీద రెండున్నర అంగుళాలు. గది పెద్దదో చిన్నదో తేల్చుకోవడానికి అది చాలు, వార్డ్‌రోబ్ చేయించడానికి చాలదు.

ఉన్న గదిని సొంతంగా గీసుకోవాలంటే పిల్లల గ్రాఫ్ కాగితం ఉత్తమం. అందులో చిన్న గడి 1 మి.మీ. దాన్ని ఒక అంగుళం అనుకోండి, అడుగు 12 గడులవుతుంది. గది 12 అడుగుల 6 అంగుళాలు, 10 అడుగుల 9 అంగుళాలు ఉంటే 150 గడులు, 129 గడులు. చుట్టూ తొమ్మిదంగుళాల గోడ అంటే తొమ్మిది గడులు. మొత్తం 168, 147 గడుల్లో బొమ్మ కాగితంలో పట్టేస్తుంది. భాగహారమే అక్కర్లేదు. అంగుళం 25.4 మి.మీ. కాబట్టి దీని స్కేలు 1:25.4. ఆఫీసు ప్లాన్లలో కనిపించని అంకె ఇది, కానీ ఇంట్లో వాడుకోవడానికి దీనంత సుఖమైనది లేదు. అదే గదిని 1:50లో గీయాలంటే అంగుళాలను 25.4తో గుణించి 50తో భాగించాలి: 76.2 మి.మీ., 65.5 మి.మీ.

గీత ఎంత శుభ్రంగా గీసినా టేపు తప్పు పట్టుకుంటే ఫలితం లేదు. మూల దగ్గర టేపును వంచి అంకె చదవకండి. టేపు డబ్బాను గోడకు ఆనించి, డబ్బా మీద అచ్చు వేసిన దాని పొడవును కలుపుకోండి. టేపు మొన దగ్గరి కొక్కెం కొద్దిగా కదులుతుంటే పాడైందని బిగించకండి. లోపలి కొలతకూ బయటి కొలతకూ కొక్కెం మందం తేడా రాకూడదనే అలా చేస్తారు. గోడ వెంట రెండు మూడు చోట్ల కొలవండి, సామాను పెట్టుకోవడానికైతే తక్కువ వచ్చిన అంకెనే తీసుకోండి. ప్లానులో రాసినవి తరచూ ఇటుక నుంచి ఇటుకకు తీసిన కొలతలు. లోపలి ప్లాస్టరింగ్ ఒక్కో గోడకు అర అంగుళం తింటుంది కాబట్టి పూత అయ్యాక గది రెండు వైపులా కలిపి అంగుళం తగ్గుతుంది.

చాలామంది వదిలేసే కొలత ఐమూల. పై గదికి మూల నుంచి ఎదురు మూలకు దాదాపు 198 అంగుళాలు రావాలి. రెండు ఐమూలలూ సమానంగా లేకపోతే గది గుణియాలో లేదన్నమాట, అంటే మూలలు తొంభై డిగ్రీల్లో లేవు, దాన్ని చతురస్రపు గడుల వెంట తిన్నగా గీయకూడదు. ఒక గోడ గీసి, ఒక చివర నుంచి పక్క గోడ కొలతతో, రెండో చివర నుంచి ఐమూల కొలతతో వృత్తలేఖినితో చాపాలు గీస్తే అవి కలిసేదే మూడో మూల. పొడవులన్నిటినీ ఒకే వంతులో ఎంత కుదించినా కోణాలు మారవు. తొంభై డిగ్రీలు తొంభయ్యే, మూడడుగుల తలుపు తెరుచుకునే దారి 36 గడుల వ్యాసార్ధంతో పావు వృత్తమే.

ఇప్పుడు పాత శుభలేఖ అట్టను అదే స్కేలులో కత్తిరించండి. ఆరున్నర అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు మంచం 78, 60. రెండు తలుపుల మూడడుగుల బీరువా 36, దాని లోతు 20. మంచాన్ని 129 గడుల వైపు నిలువుగా వేసి, ఎదురు గోడకు బీరువా పెడితే మధ్యలో మిగిలేది 31 అంగుళాలు. బీరువా తలుపు తెరిస్తే 18 పోతుంది, దాని పక్కగా దాటడానికి 13 అంగుళాలే. మనిషి దాటలేడు. మంచాన్ని 150 గడుల వైపు తిప్పండి, తలుపు తెరిచాక కూడా 34 మిగులుతాయి. మంచం మోయకముందే ఈ సంగతి అట్టముక్క చెప్పేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది చుక్క. 10 అడుగుల 9 అంగుళాలను 10.9 అని రాసి క్యాలిక్యులేటర్‌లో కొట్టేవాళ్లు లెక్కలేనంతమంది. అది 10.75. అడుగుకు పన్నెండు అంగుళాలు, పది కాదు. 10.9 అంటే 130.8 అంగుళాలు, దాదాపు రెండంగుళాలు ఎక్కువ. 12 అడుగుల 6 అంగుళాలను కూడా 12.6 అని వేస్తే గది 134.4 చదరపు అడుగులకు బదులు 137.3 అవుతుంది. 10 అడుగుల 11 అంగుళాలను 10.11 అని కొడితే మరీ అన్యాయం, 131 అంగుళాల గోడ 121 అవుతుంది. మొదట అన్నిటినీ అంగుళాల్లోకి మార్చేసుకుంటే ఈ తప్పుకు తావుండదు.

గోడల మందం మరిచిపోవడం కూడా మామూలే. 10 అడుగుల 9 అంగుళాల గది, 11 అడుగుల 3 అంగుళాల గది పక్కపక్కన వస్తే 22 అడుగులు చాలనుకుంటారు. తొమ్మిదంగుళాల గోడలు మూడు కలిస్తే 24 అడుగుల 3 అంగుళాలు, పైగా బయటి పూత. ఫ్లాటు కొనేవాళ్లు గదుల వైశాల్యాలు కూడి కార్పెట్ ఏరియాతో (ఫ్లాటు లోపల వాడుకునే నేల వైశాల్యంతో) పోల్చేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. 2016 నాటి రెరా (స్థిరాస్తి రంగ నియంత్రణ) చట్టం ప్రకారం లోపలి అడ్డగోడలు నిలిచిన జాగా కార్పెట్ ఏరియాలోనే కలుస్తుంది, బయటి గోడలు, బాల్కనీ కలవవు. కూడిక కొంత తక్కువ వచ్చినంత మాత్రాన మోసం అనుకోనక్కర్లేదు.

పత్రికల వారిని కోరేది పెద్ద మార్పు కాదు. ప్లాను వేసేటప్పుడు ‘1:100’ తీసేసి, దాని బదులు బొమ్మలోనే పది అడుగుల పొడవుకు ఒక గీత పెట్టించండి, అడుగడుక్కీ గుర్తుతో. బొమ్మను ఎంత కుదిస్తే ఆ గీతా అంతే కుదించుకుపోతుంది, పాఠకుడు ఏ సైజులో చూసినా లెక్క సరిపోతుంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి మొత్తం కొలతలు అంకెల్లో ఉండాలి. బొమ్మను సర్దేవారు మూల పట్టుకునే కుదించాలి, పక్క పట్టుకుని లాగకూడదు. అంకెల్ని 10.9 అని కాకుండా 10 అ. 9 అం. అని వేయాలి.

– ఇంటి ప్లాన్లు గీసే ఒక డ్రాఫ్ట్స్‌మన్, రాజమహేంద్రవరం