మేజర్ కాదండీ, హవల్దార్

సంపాదకులు గారికి,

పదకొండు రోజుల కిందట మీ జిల్లా పేజీలో ‘పాటన్ ట్యాంకులు పేల్చిన మేజర్ కన్నుమూత’ అని ఒక వార్త వేశారు, మా విజయవాడ సింగ్‌నగర్ మిలిటరీ బాబాయ్ గురించి. మర్నాడు సవరణ వేస్తారేమోనని చూశాను. ఆ మర్నాడూ చూశాను. ఫోన్ చేస్తే డెస్కువాళ్లకి చెప్పమన్నారు, డెస్కువాళ్లు రిపోర్టర్‌కి చెప్పమన్నారు, ఆ అబ్బాయి ‘గొప్పగానే రాశాం కదండీ, మీకేంటి ఇబ్బంది’ అన్నాడు. ఆ ఇబ్బందేంటో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆయన మేజర్ కాదు, హవల్దార్. ఆ మూడు పట్టీల కోసం ఆయన ఏళ్ల తరబడి గ్రీజులో మునిగితే మీవాళ్లు ఒక్క పూటలో మేజర్‌ని చేసేశారు. 1962 చైనా యుద్ధంలో పాటన్ ట్యాంకులు పేల్చాడని రాశారు. చైనావాళ్లకి పాటన్లు ఎక్కడివండీ? అవి అమెరికా పాకిస్థాన్‌కి ఇచ్చినవి. 1965లో పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ మీదికి వచ్చినవి. పోటీ పరీక్షల పిల్లల్ని అడిగినా చెప్తారు. బాబాయ్ సైన్యంలో చేరిందే 1963లో, చైనా దెబ్బ తర్వాత ఎక్కడ పడితే అక్కడ మనుషుల్ని తీసుకుంటున్న రోజుల్లో.

అసలు సంగతి, ఆయన ఏ ట్యాంకునీ పేల్చలేదు. ఈఎంఈలో, అంటే సైన్యం బండ్లూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో, మెకానిక్. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్. ఎవరైనా పిల్లలు ‘తాతా, ఎంతమందిని చంపావు’ అని అడిగితే ‘నేను బాగుచేసేవాణ్ణిరా, పాడుచేసేవాణ్ణి కాదు’ అనేవాడు. మీ వార్త చదివుంటే మొదట నవ్వేవాడు, తర్వాత బూతు ఒకటి తిట్టేవాడు.

పాటన్లతో ఆయనకి సంబంధం లేకపోలేదు. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ పక్కనే అసల్ ఉత్తర్ అనే ఊరి దగ్గర మనవాళ్లు కాలవకి గండి కొట్టి చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు. ఆ బురదలో పాటన్లు దిగబడిపోయాయి. దాదాపు వంద ట్యాంకులు పోయాయి పాకిస్థాన్‌కి. పట్టుబడ్డవాటిని వరసగా నిలబెడితే ఆ చోటుకి పాటన్ నగర్ అనే పేరొచ్చింది. కాల్పులు ఆగాక ఆ బురదలోంచి బండ్లు బయటికి లాగినవాళ్లలో మన బాబాయ్ ఒకడు. ‘గొలుసేసి లాగితే బురద వదల్లా మాస్టారూ, ముందు నీళ్లు పోడానికి దారివ్వాలి’ అని నాకు వందసార్లు చెప్పుంటాడు. పతకాలా? ఉన్నాయి. శౌర్య పతకాలు కాదు, యుద్ధంలో ఉన్న అందరికీ ఇచ్చినవి. ఆయన మాటే అది. 1971 పాకిస్థాన్ యుద్ధంలో కూడా సరిహద్దులో శకర్‌గఢ్ వైపు ఉన్నాడు, దాని గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు.

ఇక సైన్యం వదిలాక బతికిన నలభై ఏడేళ్లకి మీరిచ్చింది సరిగ్గా మూడు మాటలు. ‘అనంతరం వ్యాపారంలో స్థిరపడ్డారు.’

ఏం వ్యాపారమండీ? 1978లో ఇంటికొచ్చాక సత్యనారాయణపురంలో పట్టాల పక్కన రేకుల షెడ్డు. ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డు అప్పుడు రైలు దారి అన్న సంగతి మీ రిపోర్టర్‌కి తెలిసే వయసు కాదులెండి. మోటార్ వైండింగ్ ఆయనకి సైన్యం నేర్పలేదు. కాలిపోయిన మోటారొకటి కొని, చుట్లు విప్పుతూ, ఒక్కో గాడిలో ఎన్ని చుట్లో, తీగ ఎంత గేజో నోటుబుక్కులో రాసుకుని నేర్చుకున్నాడు. తర్వాత షాపు సింగ్‌నగర్‌కి మార్చాడు. నున్న మామిడి తోటలవాళ్లు, మైలవరం రైతులు మోటారు కాలిందంటే అక్కడికే. రాగి అంటే రాగే చుట్టేవాడు. ఇప్పుడు కొత్త మోటార్లలోనే అల్యూమినియం చుట్టి అమ్ముతున్నారు, రెండు వేసవులకి కాలిపోతే ‘పారేసి కొత్తది తీసుకోండి’ అంటున్నారు. కొనేవాళ్లూ అలాగే తయారయ్యాం. ఆ మాటకొస్తే పేపర్లూ అంతే. ఒకప్పుడు నా క్లాసు పిల్లలకి పేపరు చూసి తెలుగు నేర్చుకోమనేవాణ్ణి, ఇప్పుడు అనను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడింది గుర్తుందా? మీ పేపరు నిండా పడవల ఫొటోలే. గండ్లు పూడ్చడానికి ఆర్మీవాళ్లు కూడా వచ్చినప్పుడు ఆయన ముఖం చూడాల్సింది, పెళ్లివారు దిగినట్టు. అప్పటికి ఎనభై ఒకటి. నీళ్లు తీయగానే ఇంటింటికీ తిరిగి ‘స్విచ్ వెయ్యొద్దు, స్విచ్ వెయ్యొద్దు’ అని అరిచాడు. విన్నవాళ్ల మోటార్లు బతికాయి, విననివాళ్లవి కాలాయి. నాది కాలింది, ఒప్పుకుంటున్నాను. మోటారు విప్పి, మంచినీళ్లతో ఒండ్రు కడిగి, ఎండలో పెట్టి, రాత్రికి లోపల బల్బు వెలిగించి ఆరబెట్టి, కరెంటు లీకవుతోందేమో మెగ్గర్ మీటరు పెట్టి చూసి, వార్నిష్ పోసి, బేరింగులు మార్చి ఇచ్చేవాడు. ఊళ్లో అడిగినంత గుంజుతుంటే ఈయన బేరింగుల ఖరీదే తీసుకున్నాడు. ‘ఖేమ్‌కరణ్‌లోనూ బురదే, ఇక్కడా బురదే’ అన్నాడు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు మాత్రం ఆయన ఇంటికి ‘తాళం’ అని రాసుకుపోయారు. ఆయన ఎదురు షాపులోనే కూర్చుని మోటార్లు కడుగుతున్నాడు.

పోయిన మూడో రోజున ఒక నాయకుడు వచ్చి ఫొటోకి దండ వేసి, వీధికి ఆయన పేరు పెడతామని, మొదట్లో ఆర్చి కట్టిస్తామని చెప్పి వెళ్లారు. అదీ మీరే వేశారు, నాలుగు కాలాల్లో. ఆయన అడిగింది ఆర్చి కాదు. షాపు ముందు మురుగు కాల్వ మీద పలక విరిగిపోయింది, మోటార్లు మోసుకొచ్చేవాళ్లు కాలు జారుతున్నారు, ఇంకోటి వెయ్యమని అడిగాడు. అర్జీలు రాసిపెట్టింది నేనే, ఆరు. ప్రతిసారీ ఫోన్‌కి ఒకటే మెసేజ్ – ‘మీ సమస్య పరిష్కరించబడినది’. దండ వేసిన ఆయన కూడా ఆ కాల్వ దాటే లోపలికి వచ్చారు, ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుంటే.

కాబట్టి దయచేసి ఇలా వేయండి: హవల్దార్, ఈఎంఈ మెకానిక్, 1965, 1971, వయసు 82 (మీరు 92 అన్నారు). ఆవగింజంత అక్షరాల్లో కాకుండా, కళ్లజోడు లేకుండా చదవగలిగేలా. ఇంకో సంగతి. షాపులో పద్నాలుగు మోటార్లు చీటీలు కట్టి ఉన్నాయి, పని పూర్తయినవే. కొన్ని చీటీల మీద పేరు లేదు, ‘నున్న – మామిడితోట – ఎర్ర తువ్వాలు’ అని మాత్రమే ఉంది. ఎవరివో వాళ్లు వచ్చి పట్టుకెళ్లమని కూడా అక్కడే ఒక లైను వేయండి. ఆయన అల్లుడు రోజూ సాయంత్రం ఆరు దాకా ఉంటున్నాడు. కాల్వ దగ్గర చూసుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
సింగ్‌నగర్, విజయవాడ